హార్మోనుల ఆజ్ఞ – సహాయక ప్రోటీనుల తోడ్పాటు

మానవదేహములో రక్తముతో కలిసి ప్రవహించుచు, ఒక అవయవమునుండి మరొక అవయవమునకు వార్తలు మోసికొనిపోవు రసాయన ద్రవ్యములకు హార్మోనులని పేరు. ఈ పేరును 1905వ సంవత్సరములో లండను నగరమున ఎర్నెస్టు స్టార్లింగు అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు తన ఉపన్యాసములలో వాడుకలోనికి తెచ్చెను. ప్రేరేపించుట అను అర్థముగల గ్రీకు ధాతువునుండి ఆ మాట పుట్టినది. మాట చక్కగా కుదిరినది కాని, దాని వెంట ఒక చిక్కు ప్రశ్నయు వచ్చినది. రక్తము దేహమంతటను తిరుగుచున్నది. దానితోపాటు హార్మోనును అన్ని అవయవములకు చేరుచున్నది. అయినను అది చెప్పు మాట ఒకచోట చెల్లుచున్నది, మరొకచోట చెల్లకున్నది, వేరొకచోట విపరీతార్థమునే ఇచ్చుచున్నది. ఇందులకు కారణమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కసారిగా లభింపలేదు. హార్మోనున్నదని తెలియుట మొదటి మెట్టు. దానిని అందుకొను గ్రాహకమున్నదని తెలియుట రెండవ మెట్టు. ఆ గ్రాహకము సైతము ఒంటరిగా ఏ పనియు నెరవేర్పజాలదనియు, దానికి తోడుగా నిలుచు సహాయక ప్రోటీనులు కలవనియు తెలియుట మూడవ మెట్టు. ఈ మూడవ మెట్టు మనకు మిక్కిలి సమీపకాలమునకు చెందినది, వైద్యమునకు ముఖ్యమైనది. కాని అచటికి చేరుటకు మొదటి రెండు మెట్లను ఎక్కిరాక తప్పదు.

1849వ సంవత్సరములో జర్మనీ దేశపు గోటింగెను నగరములో ఆర్నాల్డు బెర్తోల్డు అను పండితుడు కొన్ని కోడిపుంజుల వృషణములను చిన్ననాడే తొలగించి చూచెను. వాని తలపై జుట్టు సరిగా ఎదుగలేదు. కూతలో బిగువు లేదు. తోడి పుంజులతో పోరునకు దిగలేదు. మరికొన్ని పుంజులలో వృషణమును తొలగించి, తిరిగి కడుపులోనే వేరొక తావున ఉంచెను. పూర్వపు నరముల సంబంధము పూర్తిగా తెగిపోయినను, ఆ పుంజులు యథాప్రకారము కూసినవి, పోరాడినవి, పెట్టల వెంట తిరిగినవి. కావున వృషణమునుండి ఏదియో ఒక ద్రవ్యము రక్తములో కలిసి దేహమంతటిని మార్చుచున్నదని తేలినది.

ఆ ద్రవ్యములను వేరుపరచుటకు మరి ఎనుబది యేండ్లు పట్టినది. 1929లో అమెరికాలో ఎడ్వర్డు డాయిజీయు, జర్మనీలో అడాల్ఫు బూటెనాంటును ఒకరితో నొకరికి సంబంధము లేకుండ, గర్భిణీస్త్రీల మూత్రమునుండి ఈస్ట్రోను అను స్త్రీ హార్మోనును శుద్ధరూపమున రాబట్టిరి. తరువాత పురుష హార్మోనులు, గర్భధారణమునకు తోడ్పడు ప్రొజెస్టెరోను, మూత్రపిండములపై నుండు అధివృక్కగ్రంథుల హార్మోనులు ఒకదాని వెంట ఒకటి బయటపడినవి. వీనియన్నిటి నిర్మాణము ఒక్కటే: మూడు షట్కోణ వలయములు, ఒక పంచకోణ వలయము ఒకదానికొకటి అంటియుండును. ఈ కుటుంబమునకు స్టిరాయిడులని పేరు. 1948లో అమెరికాలోని మేయో వైద్యాలయమున ఫిలిప్ హెంచి, కీళ్లవాతముతో మంచమునుండి లేవలేని రోగికి కార్టిజోను అను స్టిరాయిడును ఇచ్చినప్పుడు, కొలది దినములలోనే రోగి లేచి నడువగలిగిన వార్త ప్రపంచమంతట వ్యాపించినది. 1950లో హెంచి, కెండాలు, రైక్‌స్టైను అను మువ్వురికి నోబెలు బహుమానము లభించినది. మందు చేతికి వచ్చినది కాని, అది కణములో ప్రవేశించి ఏమి చేయుచున్నదో ఎవరికిని తెలియదు.

అప్పటి పండితులలో పలువురి అభిప్రాయమేమనగా, స్త్రీ హార్మోను గర్భాశయ కణములలో ఎంజైముల చేతిలో పడి రసాయనికముగా మార్పు చెందుననియు, ఆ మార్పిడియే పెరుగుదలకు కారణమనియు. షికాగో విశ్వవిద్యాలయములో ఎల్వుడ్ జెన్సెను, హెర్బర్టు జాకబ్సను అను ఇరువురు ఈ అభిప్రాయమును పరీక్షింపబూనిరి. హార్మోను కణజాలమునకు ఏమి చేయుచున్నదని అందరును అడుగుచుండగా, కణజాలము హార్మోనును ఏమి చేయుచున్నదని వారడిగిరి. ఎలుకపిల్లకు చాలు హార్మోను మోతాదు గ్రాములో సుమారు కోటివ వంతు. అంత స్వల్పమైన వస్తువు జాడను పట్టుటకై, ట్రిటియము అను రేడియోధార్మిక హైడ్రోజనును ఎస్ట్రడయాలులో చేర్చి, దానిని ఎలుకపిల్లలకు ఎక్కించిరి. ఆ హార్మోను అన్ని అవయవములకును పోయినది. కాని కండరములనుండియు, ఇతర భాగములనుండియు త్వరలోనే జారిపోయినది. గర్భాశయము, యోని మాత్రము దానిని గంటలకొలది పట్టి నిలిపినవి. అంతకంటె వింత, అచట నిలిచిన హార్మోను ఏ మార్పును చెందక ఎస్ట్రడయాలుగానే ఉన్నది.

1958లో వియన్నా నగరమున జరిగిన అంతర్జాతీయ జీవరసాయన మహాసభలో జెన్సెను ఈ ఫలితములను చదివినప్పుడు, వినవచ్చినవారు పట్టుమని పదిమంది లేరు. ఎంజైముల సిద్ధాంతమును చర్చించు సభ అదే సమయమున క్రిక్కిరిసి యుండెను. కాని కాలక్రమమున నిలిచినది జెన్సెను మాటయే. 1966లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున డేవిడ్ టాఫ్టు, జాక్ గోర్స్కి అను వారు గర్భాశయ కణములనుండి హార్మోనును పట్టి నిలుపు ప్రోటీనును వేరుపరచి చూపిరి. దానికి గ్రాహకమని పేరు స్థిరపడినది. ఏ కణమునకు గ్రాహకము కలదో ఆ కణమే హార్మోను మాట వినును.

ఈ సిద్ధాంతము వెంటనే రోగుల మంచములయొద్దకు చేరినది. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జార్జి బీట్సను అను శస్త్రవైద్యుడు 1896లోనే అండాశయములను తొలగించుట వలన కొందరి స్తనముల క్యాన్సరు తగ్గుట చూచియుండెను. కాని అట్లు ఉపకారము పొందినవారు దాదాపు మూడింట ఒక వంతు మాత్రమే. తక్కినవారు కోతబాధను ఊరక అనుభవించిరి. ఎవరికి మేలు కలుగునో ముందు తెలియు ఉపాయము లేదు. 1970 దశకపు ఆరంభమున జెన్సెను, క్యాన్సరు గడ్డలో గ్రాహకము లేనిచో హార్మోనులను అణచు చికిత్స ప్రాయికముగా నిష్ఫలమని చూపెను. నేడు స్తన క్యాన్సరు రోగి గడ్డలో గ్రాహకమున్నదా లేదా యని పరీక్షించుట సర్వసాధారణము. వియన్నాలో పదిమంది వినని మాట లక్షలాది స్త్రీలను వ్యర్థమైన కోతలనుండి తప్పించినది.

గ్రాహకము హార్మోనును పట్టుకొనిన పిదప ఏమి జరుగును? దీనికి సూచన ఒక పురుగునుండి వచ్చినది. బూటెనాంటు, ఆయన శిష్యుడు పీటర్ కార్ల్‌సను 1954లో 500 కిలోగ్రాముల పట్టుపురుగు ప్యూపాలనుండి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోనును రాబట్టిరి. పురుగు కుబుసము విడుచుటకు కారణమైన ఈ హార్మోనును స్టిరాయిడే. 1960లో కార్ల్‌సను, ఉల్రిక్ క్లేవరు దీనిని ఒక చిన్న ఈగజాతి పురుగునకు ఎక్కించిరి. ఆ పురుగు లాలాజలగ్రంథులలో క్రోమోజోములు మిక్కిలి పెద్దవి. సూక్ష్మదర్శినిలో పట్టెలు పట్టెలుగా కనబడును. హార్మోను సోకిన కొద్దిసేపటికే కొన్ని నిర్ణీతమైన పట్టెలు ఉబ్బినవి. ఉబ్బినచోట జన్యువులు మేల్కొని పనిచేయుచుండెను. హార్మోను ఆజ్ఞ చేరునది జన్యువులకే యని మొదటిసారి కంటికి కనబడినది. తరువాత అమెరికాలో బర్టు ఓమేలీయు, ఆయన తోడివారును కోడిపెట్ట అండవాహికపై పరిశోధించి, హార్మోను ఇచ్చినప్పుడు గ్రుడ్డు తెల్లసొనలోని ప్రోటీనులకు సంబంధించిన వార్తాహర ఆర్.ఎన్.ఏ. పెరుగుచున్నదని నిరూపించిరి. జన్యువులో వ్రాసియున్నదానికి నకలు తీయుటయే ఆ ఆర్.ఎన్.ఏ. పుట్టుట. నకళ్ల సంఖ్యను గ్రాహకము పెంచుచున్నది.

1985లో కాలిఫోర్నియాలోని సాల్కు పరిశోధనాలయమున రొనాల్డు ఎవాన్సు బృందము కార్టిజాలు గ్రాహకపు జన్యువును, 1986లో ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బోర్గులో పియేరు షాంబో బృందమును, షికాగోలో జెఫ్రీ గ్రీను బృందమును ఈస్ట్రోజను గ్రాహకపు జన్యువును చేజిక్కించుకొనిరి. ఈ గ్రాహకములన్నియు ఒకే కుటుంబపు బిడ్డలని తేలినది. మానవులలో ఈ కుటుంబమున 48 గ్రాహకములు కలవు. ప్రాయికముగా వీనికి ఒక భాగము డి.ఎన్.ఏ.పై కూర్చుండుటకును, మరొక భాగము హార్మోనును పట్టుటకును ఏర్పడియున్నది. హార్మోను వచ్చును, గ్రాహకమును తాకును, గ్రాహకము జన్యువుపై కూర్చుండును, నకలు మొదలగును. కథ ఇంతటితో ముగిసినట్లే పలువురికి తోచినది.

కాని ఒక చిక్కు మిగిలినది. 1989లో షాంబో ప్రయోగశాలలో ఒకే కణమున రెండు విధములైన గ్రాహకములను ఉంచి చూచిరి. ఒక గ్రాహకమును అధికముగా చేర్చి దాని హార్మోనును ఇచ్చినచో, రెండవ గ్రాహకము పని తగ్గిపోయినది. రెండును వేరువేరు జన్యువులపై కూర్చుండునవి. స్థలమునకై పోటీ లేదు. మరి దేనికై పోటీ? ఒక పల్లెలో ఒకే ముహూర్తమునకు రెండు పెండ్లిండ్లు కుదిరినవనుకొనుడు. ఊరికంతటికి ఉన్నది ఒక్కటే సన్నాయి మేళము. మొదటి పెండ్లివారు మేళగాండ్రను తమ పందిటిలో నిలుపుకొనినచో, రెండవ పెండ్లిలో మేళము మ్రోగదు. అట్లే, గ్రాహకములన్నిటికి అవసరమై, కణములో కొద్దిగా మాత్రమే లభించు సహాయకులెవరో ఉండవలెనని వారు తలంచిరి.

ఊహ సరియే యని 1994లో ఆనవాళ్లు కనబడినవి. బోస్టనులో మైల్సు బ్రౌను బృందమును, లండనులో మాల్కం పార్కరు బృందమును ఈస్ట్రోజను గ్రాహకమునకు హార్మోను తగిలినప్పుడు మాత్రమే వచ్చి అంటుకొను ప్రోటీనులను కనిపెట్టిరి. మరుసటి సంవత్సరము, అనగా 1995లో, హ్యూస్టనులోని బేలరు వైద్యకళాశాలలో ఓమేలీ బృందము అట్టి ప్రోటీనులలో ఒకదాని జన్యువును రాబట్టి, స్టిరాయిడు గ్రాహక సహోత్తేజకము–1 అని దానికి పేరిడిరి. సహోత్తేజకమనగా తోడుండి ఉత్తేజపరచునది. దీనిని కణములో అదనముగా చేర్చినప్పుడు గ్రాహకము పని పెక్కురెట్లు హెచ్చినది. అంతకంటె ముఖ్యమైన విషయము, ఒక గ్రాహకము రెండవదానిని అణచుట తొలగిపోయినది. రెండవ పెండ్లికి రెండవ మేళము దొరికినది! కొలదికాలములోనే దీని తోబుట్టువులు రెండు బయటపడినవి. నేడు ఇట్టి సహాయక ప్రోటీనులు మూడువందలకు పైగా తెలియుచున్నవి.

ఇవి చేయు పని యెట్టిదో తెలిసికొనుటకు తాళపత్ర గ్రంథమును తలచుకొందము. మన ఒక్కొక్క కణములోని డి.ఎన్.ఏ.ను సాగదీసినచో సుమారు రెండు మీటర్ల పొడవుండును. అంత పొడవైన పోగు కణకేంద్రకమున ఇముడుటకై హిస్టోనులు అను ప్రోటీనుల చుట్టును చుట్టుకొనియుండును. త్రాడుతో బిగించి కట్టిన తాళపత్రముల కట్టవలె, అందులోని అక్షరములు అట్లే యుండును కాని చదువుటకు వీలుండదు. త్రాడు వదులు చేయువాడొకడు కావలెను. 1964లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థయందు విన్సెంటు ఆల్‌ఫ్రీ అను శాస్త్రజ్ఞుడు, హిస్టోనులకు అసిటైలు అను చిన్న రసాయన భాగము చేరినప్పుడు ఈ బిగువు సడలునని సూచించియుండెను. ముప్పది రెండేండ్లకు, 1996లో, డేవిడ్ ఆలిసు బృందము ఒక సూక్ష్మజీవిలో అసిటైలును చేర్చు ఎంజైమును పట్టుకొని, అది అంతకుముందే జన్యువుల పనికి తోడ్పడునదిగా పేరొందిన ప్రోటీనునకు చుట్టమని చూపిరి. ఆ వెంటనే, స్టిరాయిడు గ్రాహకములతో కలిసి పనిచేయు సహోత్తేజకములలో కొన్నిటికి ఇదే శక్తి గలదని తెలిసినది. సహోత్తేజకము గ్రాహకము పిలువగా వచ్చి, ఆ జన్యువున్న తావుననే త్రాడు వదులుచేయుచున్నది.

కట్ట విప్పినంత మాత్రమున ప్రతి తయారు కాదు. లేఖకుని పిలిచి కూర్చుండబెట్టవలెను. జన్యువునకు నకలు తీయు లేఖకుడు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజు అను ఎంజైము. గ్రాహకమునకును ఈ లేఖకునకును నడుమ నిలిచి సంధానము చేయు పెద్ద ప్రోటీనుల సముదాయమొకటి కలదు. న్యూయార్కులో రాబర్టు రోడరు బృందము 1996లో దానిని థైరాయిడు గ్రాహకమునకు అంటియుండగా పట్టుకొనిరి. ఈ సముదాయములో గ్రాహకమును నేరుగా తాకు ప్రోటీనును 1997లో వేరొక మార్గమున కనుగొనినది, షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో ఆచార్య జనార్దన రెడ్డి గారి బృందము. హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలలో చదువుకొనిన ఆయన, కాలేయ కణములలో క్రొవ్వు వినియోగమును శాసించు ఒక గ్రాహకమును పరిశోధించుచు దీనిని చేరిరి. ఆ ప్రోటీను లేని ఎలుకలు పుట్టుకకు ముందే పిండదశలోనే మరణించుట, సహాయకుని ప్రాముఖ్యమెంతటిదో చాటినది.

తోడ్పడువారున్నట్లే అడ్డుపడువారును ఉన్నారు. 1995లోనే మైకేలు రోజెన్‌ఫెల్డు, రొనాల్డు ఎవాన్సు బృందములు సహనిరోధకములను కనుగొనిరి. ఇవి జన్యువును మూతపెట్టి యుంచును. అసిటైలును తొలగించు ఎంజైములను రప్పించి, త్రాడును తిరిగి బిగింపజేయును. కావున ఒక జన్యువు తెరచియుండుటయు, మూసియుండుటయు ఈ రెండు పక్షముల బలాబలములపై ఆధారపడియున్నది.

గ్రాహకము ఏ సమయమున ఎవరిని పిలువవలెనో ఎట్లు తెలియును? 1997లో పార్కరు బృందము పలు సహోత్తేజకములలో ఒకే గుర్తును చూపిరి. ఐదు అమైనో ఆమ్లముల వరుసలో మొదటిదియు, చివరి రెండును ల్యూసీను అను ఆమ్లమే. నడుమ రెండు ఏవైనను కావచ్చును. గ్రాహకముపై దీనికి సరిపడు గాడి యొకటి కలదు. హార్మోను లోపల చేరినప్పుడు గ్రాహకపు చివరనుండు చిన్న చుట్ట యొకటి మూతవలె ముడుచుకొని, ఆ గాడిని సిద్ధపరచును. సహోత్తేజకము వచ్చి అందులో కుదురుకొనును. 1998లో గ్రీను, డేవిడ్ అగార్డు బృందములు ఎక్సు–కిరణముల సాయమున టామాక్సిఫెను ఏమి చేయుచున్నదో చూపిరి. ఆ మందు హార్మోను స్థానములో దూరినప్పుడు మూత సరిగా పడదు. పక్కకు జరిగి సహోత్తేజకము కూర్చుండవలసిన గాడిలో తానే కూర్చుండును. గ్రాహకము జన్యువుపై నున్నను, తోడు రాదు, పని సాగదు.

ఇచట మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చుచున్నాము. టామాక్సిఫెనును ఇంగ్లండులో 1960 దశకపు తొలినాళ్లలో గర్భనిరోధకముగా ఉపకరించునేమోయని తయారుచేసిరి. ఆ పనికి అది చాలలేదు. 1973లో ఆ దేశముననే స్తన క్యాన్సరు మందుగా అనుమతి పొందినది. నాటినుండి ఎన్నో ప్రాణములను నిలిపినది. కాని 1980 దశకమున ఒక చేదు విషయము బయటపడినది. స్తనములో హార్మోనుకు అడ్డుపడు ఈ మందే, గర్భాశయములో హార్మోనువలె పనిచేసి, కొందరిలో గర్భాశయపు లోపొరకు క్యాన్సరు కలిగించుచున్నది. ఎముకలలోను అది హార్మోనువలెనే ప్రవర్తించి, వానికి మేలు చేయుచున్నది. మందు ఒక్కటే, గ్రాహకము ఒక్కటే, ఫలము వేరు.

2002లో మైల్సు బ్రౌను, ఆయన సహచరుడు యోంగ్‌ఫెంగ్ షాంగ్ దీనికి కారణమును సహాయకులలో వెదకిరి. స్తన క్యాన్సరు కణములలో టామాక్సిఫెను తాకిన గ్రాహకము సహనిరోధకములను రప్పించుచుండెను. గర్భాశయ క్యాన్సరు కణములలో ఆ గ్రాహకమే కొన్ని జన్యువులపై సహోత్తేజకములను రప్పించుచుండెను. ఆ కణములలో ఓమేలీ కనుగొనిన మొదటి సహోత్తేజకము సమృద్ధిగా నున్నది. దానిని ఉపాయముగా తగ్గించినప్పుడు టామాక్సిఫెను ఉత్తేజకశక్తి మాయమైనది. కావున ఒక మాటకు అర్థము ఆ మాటలోనే లేదు. దానిని వినిన కణములో ఏ సహాయకులు ఎంతెంత కలరో అందులో నున్నది.

సహోత్తేజకములు మితిమీరినను కీడే. 1997లో అమెరికా పరిశోధకులు మూడవ సహోత్తేజకపు జన్యువు స్తన క్యాన్సరు గడ్డలలో సుమారు నూటికి పదింట హద్దుమీరి పెక్కు ప్రతులుగా పెరిగియుండుట చూచిరి. లోపించినను నష్టమే. 1998లో మొదటి సహోత్తేజకము లేకుండ పెంచిన ఎలుకలు బ్రతికినవి, సంతానమును పొందినవి. కాని వాని గర్భాశయము, స్తనములు మున్నగునవి హార్మోను మాటను సగము చెవులతో వినినట్లు ప్రవర్తించినవి. ఒక సహాయకుడు లేనిచో అతని తోబుట్టువు కొంతవరకు ఆ లోటు తీర్చుచున్నదని దీనివలన తెలిసినది.

సహాయక ప్రోటీనులను నేరుగా అణచు మందులకై పరిశోధనలు సాగుచున్నవి. ఇది సులభమైన పని కాదు. ఒక్కొక్క సహాయకుడు ఎన్నో గ్రాహకములకు, ఎన్నో అవయవములకు పనిచేయుచున్నందున, ఒకచోటి కీడును తొలగింపబోయి మరొకచోటి మేలును చెరుపకుండ చూచుకొనవలెను. టామాక్సిఫెను చరిత్రయే ఇందుకు హెచ్చరిక. కాని అదే చరిత్ర ధైర్యమును ఇచ్చుచున్నది. టామాక్సిఫెను వాడు స్త్రీకి అకాలమున రక్తస్రావమైనచో ఉపేక్షింపరాదని వైద్యులు నేడు ముందుగనే చెప్పుచున్నారు. ఏ వయస్సువారికి, ఏ రోగికి ఏ మందు మేలో తూచి ఇచ్చుచున్నారు. బెర్తోల్డు కోడిపుంజులతో ప్రారంభమైన విచారణ ఇట్లు ఒక స్త్రీకి తన మందును గురించి వైద్యుడు చెప్పు జాగ్రత్తమాట వరకు వచ్చి చేరినది.